పని చేసుకుపోతే గుర్తింపు అదే వస్తుందా? పదోన్నతులపై అపోహలు - వాస్తవాలు

ఏటా ఉద్యోగుల పనితీరు రేటింగులు వెలువడిన వారంలో హెచ్‌ఆర్ విభాగంలోని నా గదికి ఒకరి తరువాత ఒకరుగా ఉద్యోగులు వస్తుంటారు. పందొమ్మిదేళ్లుగా వారి నోట నేను వింటున్నది దాదాపు ఒకే మాట: “ఇంత కష్టపడ్డాను కదండీ, ఎవరికీ కనపడలేదా?” అలా వచ్చేవారిలో పని ఎగ్గొట్టేవారు ఉండరు. ఇతరులు మధ్యలో వదిలేసిన పనిని మారుమాట లేకుండా భుజాన వేసుకుని పూర్తిచేసినవారే ఎక్కువ. వారికి జరిగిన నష్టానికి మూలం ఒక నమ్మకంలో ఉంది కనుక ముందుగా, వివరంగా, దాని గురించే రాస్తాను.

అపోహ: తలవంచుకుని మన పని మనం చేసుకుపోతే గుర్తింపు అదే వెతుక్కుంటూ వస్తుంది.

వాస్తవం: మీ గురించి నిర్ణయం తీసుకునేవారిలో చాలామందికి మీ పని తెలియదు. పెద్ద సంస్థల్లో రేటింగును సాధారణంగా మీ మేనేజరు ఒక్కరే ఖరారు చేయరు. ఒకే స్థాయిలో ఉన్నవారందరి పేర్లనూ ఒక పట్టికలో పెట్టుకుని, ఐదారుగురు మేనేజర్లు కూర్చుని చర్చిస్తారు. ఇలా అందరి రేటింగులనూ పోల్చి ఖరారు చేసే కాలిబ్రేషన్ సమావేశాల్లో, నేను హాజరైనంతవరకు, ఒక్కొక్క పేరుకు దక్కేది రెండు మూడు నిమిషాలు. ఆ వ్యవధిలో మీ మేనేజరుకు గుర్తుకు వచ్చేది గత రెండు మూడు నెలల పని మాత్రమే. ఏడాది మొదట్లో మీరు పడిన శ్రమ కాగితం మీద లేకపోతే అక్కడ లేనట్టే.

ఒక సమావేశం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఖాతాల విభాగంలో ఒక ఉద్యోగిని ఉండేవారు. ఆమె పేరు వచ్చినప్పుడు మరో విభాగం మేనేజరు, “ఈ ఏడాది ఆమె ప్రత్యేకంగా చేసిన పని ఏమిటి?” అని అడిగారు. ఆమె మేనేజరు ఎదుట ఉన్న కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, “చాలా బాగా చేస్తారండీ, ఏనాడూ ఫిర్యాదు రాలేదు” అన్నారు. ఆ కాగితంలో సొంత మదింపు గడిలో ఆమె రాసుకున్నది ఒకే ఒక వాక్యం: “అప్పగించిన పనులన్నీ సకాలంలో పూర్తి చేశాను.” చర్చ తరువాతి పేరుకు వెళ్లిపోయింది. వారం తరువాత ఆమె నా గదికి వచ్చి, కన్నీళ్లు ఆపుకుంటూ, నెలాఖరు లెక్కలు సరిచూడడానికి మూడు రోజులు పట్టే పద్ధతిని తాను మార్చాననీ, ఇప్పుడు అది ఒక పూటలో పూర్తవుతోందనీ చెప్పారు. ఆ సమావేశంలో కూర్చున్న ఏడుగురిలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. ఆమెకు పదోన్నతి వచ్చింది, కానీ రెండేళ్ల తరువాత. జీతం పెంపును మూల వేతనంపై శాతంగా లెక్కకడితే, ఒక ఏడాది తగ్గిన పెంపు ఆ తరువాతి ప్రతి ఏడాది జీతాన్నీ తగ్గిస్తూనే ఉంటుంది. ఆ నష్టాన్ని ఎవరూ తిరిగి ఇవ్వరు.

ఉద్యోగంలో చేరిన ఐదో ఏట నేనూ ఇదే పొరపాటు చేశాను. ఖాళీ కాబోయే ఒక పోస్టు నాకే వస్తుందని నమ్మి, నోరు విప్పకుండా ఏడాదిన్నర ఎదురుచూశాను. మరొకరిని నియమించిన తరువాత ధైర్యం చేసి మా పై అధికారిని అడిగితే, “మీకు ఆసక్తి ఉందని నాకెలా తెలుస్తుందమ్మా?” అని ఆయన నిజంగానే బాధపడ్డారు. ఆ రోజు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆయన స్థానంలో కూర్చుని చూస్తే, ఆయన అన్న మాటలో తప్పు కనిపించదు.

ఇలా చెప్పినప్పుడల్లా, “అంటే మా డప్పు మేమే కొట్టుకోవాలా?” అని బిడియస్తులు అడుగుతారు. వారి సంకోచాన్ని నేను అర్థం చేసుకోగలను. అయితే “నేను గొప్పవాణ్ణి” అనడం వేరు, “మూడు రోజుల పని ఒక పూటకు తగ్గింది” అనడం వేరు. రెండోది సమాచారం, అది మీ మేనేజరుకు అవసరం కూడా. వారానికి పది నిమిషాలు కేటాయించి, ఏ సమస్య ఎదురైంది, మీరేం చేశారు, దానివల్ల ఏం మారింది అన్న మూడు విషయాలను అంకెలతో రాసుకోండి. నెలకోసారి వాటిలో ముఖ్యమైనవి ఐదు వాక్యాల్లో మేనేజరుకు పంపండి. పదోన్నతి కావాలన్న మాటను మదింపు సమయంలో కాకుండా, బడ్జెట్ ఖరారు కాకముందే, అంటే కనీసం నాలుగైదు నెలల ముందే చెప్పండి. అప్పుడే, “తరువాతి స్థాయికి నాలో ఏం లోటు కనిపిస్తోంది?” అని కూడా అడగండి. పదోన్నతిని చేసిన కష్టానికి బహుమతిగా చాలామంది భావిస్తారు, కానీ పై స్థాయి పనిని మీరు చేయగలరా అన్న అంచనాయే అక్కడ ప్రధానం.

అపోహ: ఎన్ని ఎక్కువ గంటలు పనిచేస్తే అంత ఎదుగుదల.

వాస్తవం: మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో పనిచేసినవారి లెక్కలను ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ 2014లో విశ్లేషించారు. వారానికి దాదాపు 50 గంటలు దాటాక అదనపు గంటల ఫలితం తగ్గుతూ వచ్చింది. 70 గంటలు పనిచేసినవారి ఉత్పత్తికీ 56 గంటలు పనిచేసినవారి ఉత్పత్తికీ పెద్ద తేడా కనిపించలేదు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారికన్నా పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి. పట్టుదల ఉన్నవారే ఈ ఉచ్చులో ముందుగా పడతారు కనుక ఈ అంకెలను నేను వారికి పదేపదే చూపిస్తాను.

అపోహ: పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా నిపుణులవుతారు.

వాస్తవం: మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థులపై 1993లో ప్రచురించిన పరిశోధనకు ఇది వక్రీకరణ. ఆ అంకె ఒక సగటు మాత్రమే, అది దాటితే చాలన్న గీత కాదు. లోపాన్ని గుర్తించి, సరిదిద్దేవారి సాయంతో చేసే సాధనకే వారు ప్రాధాన్యమిచ్చారు.

అపోహ: పరిచయాలంటే సిఫారసులు, కాకా పట్టడం.

వాస్తవం: పరిచయస్థుల ద్వారా ఉద్యోగం దొరికినవారిని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ పరిశీలించి 1973లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, ఆ పరిచయస్థులను తరచుగా కలిసేవారు 17 శాతంలోపే. మిగిలినవారందరికీ అడపాదడపానో, అరుదుగానో కలిసేవారి నుంచే కబురు అందింది. పాత సహోద్యోగిని ఆరు నెలలకోసారి పలకరించడం ఎవరినీ కాకా పట్టడం కాదు.

అపోహ: ఒకసారి తక్కువ రేటింగ్ వస్తే పేరు శాశ్వతంగా నల్లజాబితాలోకి వెళుతుంది.

వాస్తవం: ఈ పుకారు ఎక్కడ పుడుతుందో గానీ, దీనివల్ల నిద్ర లేని రాత్రులు గడిపినవారిని ఎందరినో చూశాను. నేను పనిచేసిన ఏ సంస్థలోనూ అటువంటి జాబితా లేదు. తక్కువ రేటింగ్ వచ్చినప్పుడు ఆ రోజే రాజీనామా రాయకండి. రెండు రోజులు ఆగి, రాబోయే మూడు నెలల్లో మీ నుంచి ఏం ఆశిస్తున్నారో మేనేజరును రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చాక, కావాలంటే ఆ కాగితం పట్టుకుని మీ హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లండి.