బొమ్మ లారీకి అసలు రంగు

పెరంబూరు, చెన్నై
ధనుర్మాసం

చిరంజీవులు చిన్నుకీ బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్ను అడిగినదానికి అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పి పెట్టేయొచ్చు. కానీ అది అంత తేలిగ్గా తేలే ప్రశ్న కాదు రా. "మామయ్య తెచ్చిన లారీ కిట్ మొత్తం అంటించాను. నాన్న కారు గీతలకి కొట్టే ఎర్ర స్ప్రేనే కొట్టాను. అసలు కారు రంగే కదా! అయినా ప్లాస్టిక్ బొమ్మలాగే ఉంది, లారీలాగా లేదు. ఎందుకు తాతయ్యా?" అన్నావు. వెనక నుంచి బుజ్జి "వాడు డబ్బా మొత్తం కొట్టేశాడు" అని అరిచింది. బుజ్జి చెప్పినదాంట్లో సగం జవాబు ఉంది. మిగతా సగం కోసమే ఈ ఉత్తరం.

మీ అమ్మమ్మ ఈ నెలంతా పొద్దున్నే రెండు ముగ్గులు వేస్తోంది. ఒకటి కింద గేటు ముందు, ఇంకోటి పైన మన గుమ్మం దగ్గర, చెప్పుల స్టాండు పోగా మిగిలిన మూరెడు చోట్లో. రెండూ ఒకటే చిలకల ముగ్గు, చుక్కలు కూడా అన్నే. కింద చుక్కకీ చుక్కకీ మధ్య బెత్తెడు, పైన వేలి వెడల్పు. చుక్కలు దగ్గరికి జరిపితే ముగ్గు మొత్తం ఒకే లెక్కన చిన్నదవుతుంది. మీ కిట్ డబ్బా మీద 1/24 అని ఉంది కదా, దాని సంగతీ ఇంతే. అసలు లారీలో 24 అంగుళాలున్నది మీ లారీలో ఒక్క అంగుళం. అంటే అడుగుకి అర అంగుళం. అడుగుల లెక్క వాడే దేశాలవాళ్లకి ఇది భలే అనువైన లెక్క.

అసలు తమాషా ఇక్కడే ఉంది. మొదటిరోజు అమ్మమ్మ గేటు దగ్గర వాడిన ముగ్గుపిండే తెచ్చి పైన వేసింది. చుక్కలు దగ్గరికి వచ్చాయి గానీ, వేళ్ల మధ్య నుంచి జారే పిండి ధార సన్నబడలేదుగా! గీతలు ఒకదానికొకటి అంటుకున్నాయి. చిలక ముక్కు పూడిపోయింది. తోక ఎక్కడో, రెక్క ఎక్కడో తెలీలేదు. మర్నాడు పొడి పిండి మానేసి, బియ్యప్పిండి నీళ్లలో పల్చగా కలిపి, గుడ్డముక్క ముంచి సన్నగా గీసింది. అప్పుడు చిలక చిలకలాగా వచ్చింది.

చిన్నూ, నీ లారీ తలుపు చుట్టూ ఒక సన్నటి గాడి ఉండాలి. అసలు బండిలో ఆ సందు ఐదు మిల్లీమీటర్లు అనుకో, నీ లారీలో అది మిల్లీమీటరులో ఐదో వంతు. నువ్వు కొట్టిన రంగు అందులోకి దిగి పూడ్చేసింది. తలుపు తలుపు కాకుండా పోయింది, చిలక ముక్కు పోయినట్టే. అసలు బండి మీద రంగు పొరలన్నీ కలిపి మిల్లీమీటరులో పదో వంతు ఉంటాయి, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. దాన్ని 24తో భాగిస్తే వచ్చే మందం మన తల వెంట్రుకలో పదిహేనో వంతు కూడా ఉండదు. అంత పల్చటి పొర నువ్వూ వేయలేవు, నేనూ వేయలేను. లారీని కుదించినవాళ్లు రంగు డబ్బాని కుదించలేదు మరి. అందుకే కిట్లు కట్టేవాళ్లు అమ్మమ్మ చేసిన పనే చేస్తారు. రంగుని థిన్నర్‌తో పల్చన చేసి, ఒక్కసారే నింపేయకుండా మూడు నాలుగు పల్చటి పూతలు వేస్తారు. పూత పూతకీ ఆరనిస్తారు. స్ప్రే డబ్బా అయితే జానెడు దూరంలో పట్టుకుని, చెయ్యి ఎక్కడా ఆగకుండా ఇటునుంచి అటు పోనివ్వాలి. ఆగిన చోటే కారుతుంది.

ముగ్గుని ఇంకాస్త లాగుతాను, ఓపిక పట్టండి. చుక్కల మధ్య దూరం సగం చేస్తే ముగ్గు పట్టే నేల సగం కాదు, పావు వంతు అవుతుంది. అదే లెక్కన మీ లారీ ఒంటి మీద రంగు వేయాల్సిన చోటు అసలు లారీలో 24వ వంతు కాదు, 24 ఇంటూ 24, అంటే 576వ వంతు. బుజ్జీ, డబ్బా ఎందుకు ఎక్కువైందో తెలిసిందా? ఇక బరువు సంగతికొస్తే అమ్మమ్మ సాయం చేయలేదు, ముగ్గుకి ఎత్తు లేదు కనుక. 24ని 24తో, వచ్చినదాన్ని మళ్లీ 24తో గుణించండి, 13,824 వస్తుంది. పది టన్నుల లారీని అదే సరుకుతో అంత చిన్నగా చేస్తే ముప్పావు కిలో కూడా తూగదు. బరువు లేదు కాబట్టి మీ లారీ టైర్లు నిండు గుండ్రంగా, నేలని తాకీ తాకనట్టు నిలబడ్డాయి. అసలు లారీ టైరు నేల దగ్గర కాస్త నొక్కుకుని ఉంటుంది. ఓపికున్నవాళ్లు బొమ్మ టైరు అడుగుని ఉప్పుకాగితం మీద రుద్ది కొంచెం చదును చేస్తారు. ఆ ఒక్క పనితో లారీకి ఎక్కడలేని బరువు వచ్చేస్తుంది. చేసి చూడండి.

మా చిన్నప్పుడు ఈ కిట్లూ గిట్లూ ఎక్కడివి? రెండు తాటిబుర్రలకి కర్ర గుచ్చితే బండి. అగ్గిపెట్టెలు అంటిస్తే లారీ. మాది నాయుడుపేట దగ్గర, మద్రాసు పోయే పెద్ద రోడ్డు పక్కన. ముందు నక్షత్రం గుర్తున్న టాటా మెర్సిడిస్ లారీలు, ఎన్నూరులో తయారైన లేలాండ్లు దుమ్ము లేపుకుంటూ పోయేవి. రోడ్డు పక్కన ఒక తాటాకు పాక ఉండేది, అందులో ఒక పెయింటరు లారీలకి రంగులు వేసేవాడు. బడి నుంచి వస్తూ నేనక్కడ ఆగిపోయేవాణ్ని. కుంచె ముట్టుకునే ముందు ఆయన చేసే మొదటి పని నేల మీద నీళ్లు చల్లడం. దుమ్ము లేవకూడదుగా! కొబ్బరిచిప్పలో రంగు కలుపుకుని, చిటికెనవేలు చెక్కకి ఆనించి, ఊపిరి బిగబట్టి "హారన్ ప్లీజ్" అని రాసేవాడు. ఆఖరి అక్షరం అయ్యాక కుంచె పక్కన పెట్టి రోడ్డు దాటి అవతలికి వెళ్లి చూసేవాడు. ఎందుకని అడిగితే, "చూసేవాడు లారీకి ముక్కు ఆనించి చూస్తాడా అబ్బీ?" అన్నాడు.

ఆ మాట మీ లారీకి సరిగ్గా సరిపోతుంది. బొమ్మని అడుగు దూరంలో పెట్టి చూస్తే, అసలు లారీని 24 అడుగుల దూరం నుంచి చూసినట్టు లెక్క. అంత దూరం నుంచి అసలు లారీ మీద దుమ్ము నలుసు కనిపించదు. మీ లారీ రంగులో ఇరుక్కున్న అర మిల్లీమీటరు నలుసు మాత్రం, 24తో గుణిస్తే, గులకరాయంత అవుతుంది. కంటికి తేడా కొట్టదా మరి? అందుకే మీరూ ముందు నేల తడిగుడ్డతో తుడవండి. ఫ్యాను ఆపండి. విడి భాగాల్ని రంగుకి ముందే సబ్బునీళ్లతో కడగండి, అచ్చులోంచి ఊడిరావడానికి ఫ్యాక్టరీలో పూసిన జిడ్డు కొంచెం మిగిలి ఉంటుంది. రంగు కొట్టగానే ఏదైనా అట్టపెట్టె బోర్లించి మూసేయండి. మూశాక తెరిచి తెరిచి చూడకండి. ఆరిందా లేదా అని వేలు పెట్టి చూడాలనిపిస్తుంది చూడు చిన్నూ, అప్పుడే చేతులు కట్టుకోవాలి. పెద్దవాళ్లు ఏదో ఒక నీతి చెప్పకుండా ఉత్తరం ముగించరంటావుగా, ఇదిగో, ఇక్కడే చెప్పేశాను.

రంగు మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొర వచ్చిందని కూడా అన్నావు. అది నీ తప్పు కాదు, మన చెన్నై గాలిది. స్ప్రేలోని థిన్నర్ గబగబా ఆవిరవుతూ ఆ చోటుని చల్లబరుస్తుంది. వాన పట్టిన రోజు గాలి నిండా తేమ ఉంటుంది, ఆ తేమ చల్లటి రంగు మీద చేరి తెల్లబడుతుంది. నాలుగు రోజులు పొడిగా ఎండ కాసేదాకా ఆగండి. ఇంకో మాట, కారు స్ప్రేలోని థిన్నర్ ఉత్త ప్లాస్టిక్‌ని కరిగించగలదు, అందుకని ముందు బూడిదరంగు ప్రైమర్, అంటే రంగు కింద వేసే మొదటి పూత, తప్పకుండా ఉండాలి. ప్రైమర్ వేస్తే గీతలూ జిగురు మరకలూ అన్నీ బయటపడతాయి. 1000 నంబరు ఉప్పుకాగితం నీళ్లలో ముంచి మెల్లగా రుద్దితే పోతాయి. ఇవన్నీ బాల్కనీలో, మాస్కు పెట్టుకుని, నాన్న పక్కనుండగానే. వంటింటి ఛాయలకి వెళ్లొద్దు, థిన్నర్‌కి ఇట్టే నిప్పంటుకుంటుంది.

మీ కిట్ డబ్బా మీద తమియా అనుంది. అది జపాన్‌లో షిజువోకా అనే ఊరివాళ్లది. 1946లో కలప వ్యాపారంతో మొదలుపెట్టి, చెక్క బొమ్మలు చేసి, ఆ తర్వాత ప్లాస్టిక్‌కి వచ్చారు. అంత చేయి తిరిగినవాళ్లు కూడా టైర్లకి వేయమని చాలాచోట్ల నిగనిగలాడే నలుపు చెప్పరు. నలుపులో బూడిదరంగు కలిసిన రబ్బరు రంగు చెబుతారు. అలాగే ఎరుపులో చుక్క తెలుపు కలిపితే చిన్న బండి మీద ఇంకా నిజంగా కనిపిస్తుంది, అద్దంలాంటి మెరుపుని కాస్త తగ్గించినా అంతే. ఎందుకో చెప్పాలంటే గాలి, వెలుతురు, మన కన్ను, అన్నిటినీ లాక్కురావాలి. నాకు తెలిసినంత చెప్పినా మీరు నమ్మరు. దూరపు కొండ పచ్చగా ఉండాల్సింది నీలంగా ఎందుకుంటుందో అంటూ పెద్ద కథ మొదలవుతుంది. వదిలేయండి, నాకు ఇప్పటికీ అది వింతే.

దానికన్నా ఒక పని చెబుతాను. మీ వేళచ్చేరి వీధిలోకి నీళ్లు తెచ్చే మెట్రో వాటర్ లారీ వస్తుంది కదా. ఈసారి వచ్చినప్పుడు ఇద్దరూ కాగితం పట్టుకుని కాంపౌండు గోడకి లోపలే నిలబడండి. టైరు ఏ రంగులో ఉందో చూడండి, నలుపని ముందే రాసేయకండి. నీళ్లు వదిలే వాల్వు కింద తుప్పు చారలు ఏ వైపుకి దిగాయో గీయండి. డ్రైవరు కాలు పెట్టి ఎక్కే మెట్టు మీద రంగు ఎంత మిగిలిందో, తలుపు పిడి చుట్టూ ఎక్కడ అరిగిందో చూడండి. ఆ తర్వాత బుజ్జి పరుగున మూడో అంతస్తు బాల్కనీకి ఎక్కి, డ్రైవరు క్యాబిన్ పైకప్పు రంగు చూడాలి. చిన్ను కిందే ఉండి తలుపు రంగు చూడాలి. రెండూ ఒకటే రంగా? కాకపోతే ఏది ఎక్కువ వెలిసింది? నాకు ఫోన్ చేయొద్దు, రాసి పంపండి. లారీకి రెండో పూత అది చదివాకే వేద్దాం.

ఇట్లు,
మీ తాతయ్య