రాజును గీయొద్దన్నారు, బూర్జువాను గీశారు

అద్దె పెంచే ఇంటి యజమాని, కీచులాడుకునే దంపతులు, ఆదివారం షికారుకెళ్లి ఎండకు సొమ్మసిల్లిన కుటుంబం. 1840ల నాటి ఫ్రెంచి వ్యంగ్య ముద్రణల నిండా వీళ్లే. వ్యంగ్య చిత్రకారుడు ఒనొరే దోమియే చేతిలో ప్రాణం పోసుకున్న ఈ మధ్యతరగతి లోకం ఆయన ఏరికోరి ఎంచుకున్నది కాదు. ఒక చట్టం ఆయన్ని అటు నెట్టింది.

1830 జులై విప్లవంతో లూయీ ఫిలిప్ గద్దెనెక్కాడు. సెన్సార్‌ను ఇక ఎన్నటికీ తేబోమని కొత్త రాజ్యాంగ పత్రం మాటిచ్చింది. ఆ ధీమాతో షార్ల్ ఫిలిపోన్ అదే నవంబర్‌లో 'లా కారికాత్యూర్' వారపత్రిక, 1832 డిసెంబర్‌లో 'లె షారివారి' దినపత్రిక పెట్టాడు. వ్యంగ్య చిత్రాల్లో రాజు మొహం బేరిపండుగా మారింది. గంపలకొద్దీ పన్నులు మింగుతున్న రాజును గీసినందుకు దోమియేకు ఆరు నెలల జైలు పడింది.

1835 జులై 28న రాజుపై హత్యాయత్నం జరిగింది. దాన్ని సాకుగా చూపి సెప్టెంబర్ 9న చట్టం తెచ్చారు. రాతకు కాదు, బొమ్మకు మాత్రం ముందస్తు అనుమతి ఉండాలట. రాజ్యాంగ పత్రం కాపాడేది అభిప్రాయాన్నే, బొమ్మ అభిప్రాయం కాదు, చర్య అని మంత్రుల వాదన. తెలివైన వాదనే, నిజాయితీ గలది మాత్రం కాదు. 'లా కారికాత్యూర్' అప్పటికే మూతపడింది.

బతకాలంటే 'షారివారి' దారి మార్చాలి. నాటకాల్లో జనం చూసిన మోసగాడు రొబేర్ మకేర్‌ను తెచ్చి, 1836 నుంచి 1838 దాకా వంద బొమ్మల్లో బ్యాంకరుగా, వకీలుగా, వైద్యుడిగా, వాటాలు అమ్ముకునే కంపెనీదారుగా తిప్పారు. రాజు పేరెత్తకుండానే ఆయన జమానా మొత్తం అందులో ఇమిడింది. ఆ తర్వాతవే 'దాంపత్య నీతులు', 'న్యాయస్థానపు మనుషులు', 'మంచి బూర్జువాలు' వరుసలు. మకేర్ బొమ్మల కింది మాటలు ఫిలిపోన్‌వి. మిగతావాటికీ చాలావరకు పత్రికవాళ్లే రాసేవారు. అందుకే ఆ మాటల్ని పట్టుకుని దోమియే అభిప్రాయాలను తేల్చడం ప్రమాదం.

రోజువారీ పత్రికకు బొమ్మలు అందించే వేగం ఇచ్చింది రాతి అచ్చు (లిథోగ్రఫీ). చెక్క మీద బొమ్మకు చెక్కేవాడు కావాలి. ఇక్కడ చిత్రకారుడే బవేరియాలోని జోల్న్‌హోఫెన్ సున్నపురాయి మీద మైనం, సబ్బు, మసి కలిపిన జిడ్డు పెన్సిల్‌తో తిరగేసి గీస్తాడు. అచ్చువాడు తుమ్మజిగురులో కొద్దిగా నత్రికామ్లం కలిపి పూసి, టర్పెంటైన్‌తో పైకి కనిపించే గీతను తుడిచి (జిడ్డు రాతిలో మిగిలే ఉంటుంది), రాయి తడిపి సిరా రోలర్ దొర్లిస్తాడు. తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డు ఉన్నచోట అంటుతుంది. ఆమ్లం ఎక్కువైతే లేత ఛాయలు ఎగిరిపోతాయి. రాయి ఆరితే ఖాళీ చోటంతా నల్లబడుతుంది. వేలు తగిలినా ఆ ముద్ర అచ్చులో తేలుతుంది. పని అయ్యాక రాతిని ఇసుకతో అరగదీసి కొత్త బొమ్మకు వాడేవారు. అసలు గీత అక్కడితో సరి.

పత్రిక ప్రతికీ విడి ప్రతికీ తేడా కనిపెట్టడం తేలిక. పత్రిక ప్రతి వెనుక వార్తల అచ్చు ఉంటుంది, పలచని కాగితంలోంచి అక్షరాలు బొమ్మ మీదికి తేలుతుంటాయి. మంచి తెల్లకాగితం మీద, వెనుక ఖాళీగా తీసినవి తక్కువ. కొన్నిటికి చేత్తో రంగులద్ది దుకాణంలో అమ్మేవారు. సేకరించేవాళ్లు ఎగబడేది వీటికే.

1848 విప్లవం సెన్సార్‌ను తొలగించింది, 1852లో అది మళ్లీ వచ్చింది. బొమ్మకు స్వేచ్ఛ నిలకడగా దక్కింది 1881 జులై 29 పత్రికా చట్టంతో. దోమియే 1879లోనే పోయాడు.