లిస్టులో ఆ పదం ఉందా? అపోహలు - వాస్తవాలు

మాదాపూర్‌లో మా ఆఫీసుకు కొత్తగా వచ్చిన పిల్లల కోడ్ చూడటం నా పనుల్లో ఒకటి. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నవాళ్లయినా, కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాళ్లయినా, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ‘లిస్టులో ఈ పదం ఉందా’ అని చూసే ఒక్క లైను దగ్గర తడబడతారు. నేనూ తడబడ్డాను, అది చివర్లో చెబుతా.

అపోహ: లిస్టును సెట్‌గా (ఒక్కో పదం ఒక్కసారే ఉండే గుంపుగా) మారిస్తే చాలు, స్పీడే స్పీడు.

వాస్తవం: పైథాన్‌లో లిస్టు మీద ‘ఇన్’ (‘ఇందులో ఉందా’ అని అడిగే మాట) వాడితే మొదటి నుంచి ఒక్కో పదాన్నీ పోల్చుకుంటూ పోతుంది. 10 లక్షల పదాలుండి, మనం వెతికేది అందులో లేకపోతే 10 లక్షల పోలికలూ తప్పవు. సెట్ అయితే పదం నుంచి హ్యాష్ అనే ఒక సంఖ్య లెక్కగట్టి దాదాపు నేరుగా ఆ చోటికే వెళ్తుంది. కానీ మొన్న ఒకబ్బాయి ఆ సెట్‌ను లూపు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే భాగం) లోపల కట్టాడు. అంటే వెతికే ప్రతి పదానికీ లిస్టంతా మళ్లీ చదవాలి! లిస్టులోనే వెతికి ఉంటే పదం దొరకగానే ఆగేది. సెట్ కట్టేది లూపు బయట, ఒక్కసారే. ఇరవై పదాల్లో ఒకసారి వెతకడానికైతే అసలు సెట్ గొడవే వద్దు.

అపోహ: ‘ఇన్’ ఎక్కడైనా ఒకేలా పనిచేస్తుంది.

వాస్తవం: లిస్టులో పూర్తి పదం కలవాలి. స్ట్రింగ్‌లో (అంటే అక్షరాల వరుసలో) ముక్క దొరికినా చాలు. ‘బేగంపేట’ ఒక్కదాన్నే బ్రాకెట్లలో పెట్టి కామా మరిచిపోతే అది టపుల్ (లిస్టులాంటిదే, కాకపోతే మార్చలేం) కాదు, స్ట్రింగే. ‘పేట’ ఉందా అంటే ఉందనేస్తుంది.

అపోహ: చూడ్డానికి ఒకేలా ఉంటే రెండూ ఒకటే పదం.

వాస్తవం: నేను తడబడింది ఇక్కడే. ఏరియా పేర్ల లిస్టులో ‘మియాపూర్’ కళ్ల ముందే కనిపిస్తోంది, ప్రోగ్రామ్ మాత్రం లేదంటోంది. స్ట్రిప్ చేశాను (పదానికి ముందూ వెనకా ఉన్న స్పేస్‌లు తీసేశాను), లాభం లేదు. ఒకటే టెన్షన్. సాయంత్రం టీ టైముకు లిస్టులోని పదం, వెతికే పదం రెండింటి పొడవూ (గుణింతం గుర్తులూ పొల్లూ విడిగా లెక్క) ప్రింట్ చేస్తే ఒకటి 8, ఇంకోటి 9! ఆ తొమ్మిదోది జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘మియాపూర్‌లో’ అని రాసేటప్పుడు ‘ర్’ కింద ‘ల’ ఒత్తుగా చేరకుండా పొల్లు తర్వాత పెట్టే, కంటికి కనపడని అక్షరం. ఎవరో ‘లో’ చెరిపేసి దాన్ని వదిలేశారు. పైథాన్ దృష్టిలో అది స్పేస్ కాదు కాబట్టి స్ట్రిప్‌కు చిక్కదు, యూనికోడ్ నార్మలైజేషన్‌కూ (ఒకే అక్షరాన్ని వేర్వేరుగా రాస్తే ఒకే రూపానికి తెచ్చే పద్ధతి) చిక్కదు. రీప్లేస్‌తో మనమే తీసేయాలి, లిస్టులోనూ వెతికే పదంలోనూ. అదీ పోల్చడానికి తీసుకున్న కాపీలో మాత్రమే. అసలు డేటాలో తీసేస్తే అమీర్‌పేట కాస్తా అమీర్పేట అయి కూర్చుంటుంది.