ఇంటికొచ్చేసింది కదా, ఇంకేటి? పిల్లల కిడ్నాప్‌ల మీద అపోహలు, వాస్తవాలు

విశాఖలో తప్పిపోయి దొరికిన పిల్లలతో, వాళ్ళ ఇంట్లోవాళ్ళతో కూర్చుని మాట్లాడే కౌన్సిలర్ని నేను. ఈమధ్య ఏ ఇంటికెళ్ళినా యూట్యూబ్ క్రైమ్ స్టోరీలు చూసి పుట్టిన ప్రశ్నలే వినిపిస్తున్నాయి. ఆ వీడియోలు తల్లి పిల్లని పట్టుకుని ఏడ్చే సీన్‌తో అయిపోతాయి, తర్వాత నెలల్లో ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరూ చూపించరు, అది తెలీక చుట్టూ ఉన్న జనం ఆ పిల్లల్ని మాటలతో ఎంత బాధ పెడుతున్నారో చూడలేకే ఇది రాస్తున్నా. ఇక్కడి ఇళ్ళ సంగతులు ఎవర్నీ గుర్తుపట్టకుండా కలిపి మార్చి రాశాను.

అపోహ: 24 గంటలు ఆగితేగానీ పోలీసులు కేసు తీసుకోరు.

అలాంటి రూలు ఎక్కడా లేదండి. 2013 మేలో బచ్‌పన్ బచావో ఆందోళన్ అనే పిల్లల హక్కుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, పిల్లలు తప్పిపోయారని కంప్లైంట్ వస్తే వెంటనే ఎఫ్ఐఆర్ కట్టాలి, కిడ్నాపో అక్రమ రవాణానో జరిగిందనుకునే దర్యాప్తు మొదలుపెట్టాలి అని. మీ ఇల్లు గాజువాకలో ఉండి పిల్ల ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర తప్పిపోయినా సరే, ఏ స్టేషన్‌కైనా వెళ్ళి జీరో ఎఫ్ఐఆర్ రాయించొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఎమర్జెన్సీ నంబర్ 112కి గానీ ఫోన్ చెయ్యండి. మన ఊరికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ రైలెక్కితే మూడు గంటల్లో అటు రాజమండ్రి చేరిపోవచ్చు, ఇటు ఒడిశాలో ఉండొచ్చు.

ఆడపిల్ల అయితే ఇంకో మాట కూడా వస్తుంది, "ఎవడితోనో వెళ్ళుంటుందమ్మా, రెండ్రోజులు చూడండి" అని. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్ల ఇష్టపడి వెళ్ళినా చట్టం ఆ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోదు. దేశంలో నేరాల లెక్కలు రాసే ఎన్‌సీఆర్‌బీ ప్రకారం 2022లో దేశంలో తప్పిపోయిన పిల్లలు 83 వేలకి పైనే, అందులో నాలుగింట మూడొంతులు ఆడపిల్లలే. అంతమందిని "రెండ్రోజులు చూద్దాం" అని వదిలేస్తామా?

అపోహ: ఎత్తుకుపోయేవాడు గోనెసంచి వేసుకుని తిరిగే కొత్త మనిషే.

మా దగ్గరకొచ్చే పిల్లల్లో ఎక్కువమందిని తీసుకెళ్ళింది తెలిసినవాళ్ళే. పని ఇప్పిస్తానన్న దూరపు చుట్టం, ఫోన్లో పరిచయమైన కుర్రాడు, విడిపోయిన భార్యాభర్తల్లో ఒకరు. కొత్త మనిషి భయంతో మనం ఏం చేశామో గుర్తుందా, 2018 జూలైలో పిల్లలకి చాక్లెట్లు ఇచ్చారని బీదర్ జిల్లాలో ఒక హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని జనం కొట్టి చంపేశారు. వాట్సాప్ ఆ నెలలోనే మన దేశంలో ఫార్వర్డ్‌ని ఐదుగురికి కుదించింది. అలాంటి మెసేజ్ వస్తే 112కి చెప్పండి, గ్రూపులో మాత్రం పెట్టకండి.

అపోహ: పారిపోయే ఛాన్స్ ఉన్నా పారిపోలేదంటే దానికీ ఇష్టమే.

నాకు బాగా కోపం వచ్చేది ఈ మాటకే. మేనత్తలు అంటారు, పక్కింటివాళ్ళు అంటారు, ఒక్కోసారి కన్నతండ్రే అంటాడు.

అమెరికాలో ఎలిజబెత్ స్మార్ట్ అనే అమ్మాయిని 2002 జూన్‌లో, పద్నాలుగేళ్ళప్పుడు, సొంత బెడ్‌రూమ్ నుంచి కత్తి చూపించి తీసుకుపోయారు. మొహానికి ముసుగేసి అదే ఊళ్ళో జనం మధ్యలోంచి తిప్పారు, లైబ్రరీలో ఒక పోలీసాయన అనుమానం వచ్చి దగ్గరకొచ్చినా ఆ అమ్మాయి నోరు విప్పలేదు. తొమ్మిది నెలల తర్వాత దొరికిన రోజున కూడా ముందు వేరే పేరే చెప్పింది. జేసీ డుగార్డ్‌ని 1991లో పదకొండేళ్ళప్పుడు ఎత్తుకుపోతే 2009లో దొరికింది, పద్దెనిమిదేళ్ళు, ఆమెకీ మొదట సొంత పేరు నోట్లోంచి రాలేదు. "చెప్తే మీ అమ్మానాన్నని చంపేస్తా" అన్న మాటని పెద్దవాళ్ళం బెదిరింపు అంటాం, పిల్లకి అది నిజంగా జరగబోయే పని. ఒళ్ళు బిగుసుకుపోవడం, చెప్పినట్టు వినడం, వాడి మూడ్ కనిపెట్టుకుని మసలుకోవడం, ఇవన్నీ ప్రాణం కాపాడుకోవడానికి ఒంట్లోంచి వచ్చే పనులు, ఆలోచించి తీసుకునే నిర్ణయాలు కావు.

వియన్నాలో నటాషా కాంపుష్ 1998లో పదేళ్ళప్పుడు బడికెళ్తూ మాయమై 2006 ఆగస్టులో తనే తప్పించుకుంది. ఎత్తుకుపోయినవాడు చచ్చిపోయాడని తెలిసి ఏడ్చిందని జనం ఆమెనే తిట్టారు. ఎనిమిదేళ్ళు ఆ పిల్లకి అన్నం పెట్టినా కొట్టినా వాడొక్కడే. అలాంటివాడి మీద పిల్ల మనసులో ఏముంటుందో ఒక్క మాటలో తేల్చేయలేం. స్టాక్‌హోమ్ సిండ్రోమ్ అని, అంటే బంధించినవాడి మీదే మమకారం పుట్టిందని, ఈజీగా ముద్ర వేస్తారు, కానీ అది 1973లో ఒక బ్యాంకు దోపిడీలో బందీలైన పెద్దవాళ్ళని చూసి పెట్టిన పేరు, డాక్టర్లు వాడే జబ్బుల లిస్టులో అలాంటి జబ్బే లేదు.

అపోహ: ఇంటికొచ్చేసింది కదా, ఇంక అంతా మామూలే.

మొదటి వారం సంబరం, చుట్టాలు, సింహాచలం మొక్కు. ఆ తర్వాత పిల్ల లైటు ఆర్పితే పడుకోదు, బిస్కెట్ ప్యాకెట్లు తలగడ కింద దాస్తుంది, బాత్రూమ్ గడియ వేసుకుంటే తల్లి తలుపు బాదేస్తుంది. అన్నయ్యకి కోపం, ఎందుకంటే ఇంట్లో తన పరీక్షల సంగతి ఎవరూ అడగట్లేదు, పైగా ఆ రోజు దాన్ని షాపుకి పంపింది తనే అన్నది లోపల తొలిచేస్తుంటుంది. ఈ అన్నదమ్ముల్ని ఎవరూ పట్టించుకోరు, నేనైతే వాళ్ళతో విడిగా మాట్లాడతాను.

"చిన్నదే కదా, మర్చిపోతుందిలే" అంటారు. మాటల్లో చెప్పలేని వయసు పిల్లలు ఆటలో చూపిస్తారు, బొమ్మని డబ్బాలో పెట్టి మూత వేసి మళ్ళీ మళ్ళీ అదే ఆట. దాన్ని ఆపకండి, పక్కన కూర్చోండి. చెప్పమని గుచ్చిగుచ్చి అడక్కండి, చెప్పినప్పుడు నోరు నొక్కకండి. లైంగిక దాడి కూడా జరిగి ఉంటే పోక్సో చట్టం ప్రకారం పోలీసులు యూనిఫాం లేకుండా, పిల్ల ఇంట్లోనో తనకి నచ్చిన చోటో వాంగ్మూలం తీసుకోవాలి, కోర్టుకి మాటిమాటికీ పిలవకూడదు. ఇవి అడిగి తీసుకోవాల్సిన హక్కులు. పరిహారం కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళండి, ఫోన్ అయితే 15100.

అపోహ: వీడియో పెడితే నలుగురికీ అవగాహన వస్తుంది.

జువనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద బాధిత పిల్లల పేరు, ఫోటో, స్కూలు, అడ్రస్, ఏదీ బయటపెట్టకూడదు, పెడితే ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. పిల్ల తప్పిపోయినప్పుడు వెతకడానికి మనం షేర్ చేసిన ఫోటో కూడా దొరికాక డిలీట్ చెయ్యాలి, ఈ పని దాదాపు ఎవరూ చెయ్యరు. మూడేళ్ళ తర్వాత కొత్త స్కూల్లో ఎవడో ఆ పోస్టర్ తీసి "ఇది నువ్వే కదా" అంటాడు. ఆ మాటతో చదువు మానేసిన పిల్లలున్నారు.

అపోహ: పిల్ల దొరక్కపోతే కొన్నేళ్ళకి తల్లిదండ్రులు సర్దుకోవాలి.

చనిపోతే దినం చేస్తారు, ఏడుస్తారు, మెల్లగా మనసుకి తెలుస్తుంది. తప్పిపోతే అదేమీ ఉండదు. ఇల్లు మారరు, పిల్లకి తెలిసిన అడ్రస్ అదే కాబట్టి. ఫోన్ నంబర్ మార్చరు. రేషన్ కార్డులోంచి పేరు తియ్యమంటే గొడవ పడతారు. అది పిచ్చీ కాదు, మొండితనమూ కాదు, తేలని విషయంతో బతకడం అలాగే ఉంటుంది. "ఇంక మర్చిపో అమ్మా" అనకుండా ఆ పిల్ల పేరు పెట్టి మాట్లాడండి, పుట్టినరోజున ఫోన్ చెయ్యండి. నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, లేదంటే కేజీహెచ్‌లో గానీ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలో గానీ చూపించొచ్చు. చినవాల్తేరు పేరు వినగానే చాలామంది వెనక్కి తగ్గుతారు, ఒక్కరే వెళ్ళడానికి మొహమాటపడితే తోడు వెళ్ళండి.