చెమటలో తడిసినా దాహం వేయని గుర్రం

ఒక పాఠకుడు అడిగారు: "160 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ (సుదూర గుర్రపుస్వారీ) పోటీల్లో రౌతులు దారిపొడవునా గుర్రం నోట్లో ఎలక్ట్రోలైట్ (లవణాల) పేస్టు పెడుతుంటారు. దానివల్ల కడుపులో పుండ్లు పడతాయని పరిశోధకులు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?"

ఈ తగాదా అర్థం కావాలంటే ముందు గుర్రం చెమట సంగతి తెలియాలి. శరీరధర్మశాస్త్రంలో నాకు ఇంతకన్నా తమాషా విషయం తగల్లేదు.

మన చెమట పలచన. లీటరుకు సుమారు ఒక గ్రాము సోడియం ఉంటుంది. రక్తపు ప్లాస్మాలో 3.2 గ్రాముల దాకా ఉంటుంది. అంటే చెమట పట్టేకొద్దీ ఉప్పు కన్నా నీళ్లే ఎక్కువగా పోయి, మిగిలిన రక్తం ఉప్పెక్కుతుంది. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం దాన్ని పసిగట్టి దాహం పుట్టిస్తుంది. గుర్రం లెక్క వేరు. దాని చెమటలో లీటరుకు 3.5 గ్రాముల సోడియం, 6 గ్రాముల క్లోరైడ్, ఒక గ్రాము పైచిలుకు పొటాషియం ఉంటాయి. నీళ్లతోపాటు ఉప్పూ సరిసమానంగా వెళ్లిపోతుంది. రక్తం చిక్కబడుతుందే గానీ ఉప్పెక్కదు కాబట్టి మెదడుకు కబురే అందదు. ఇరవై లీటర్లు పోగొట్టుకున్న గుర్రం కూడా తొట్టిలో మూతి తడుపుకుని, చెవులాడించి, పక్కకు తిరిగిపోగలదు. మొండికేసిందని రౌతు విసుక్కుంటాడు. పాపం దానికి నిజంగానే దాహం వేయలేదు. రక్తం పరిమాణం తగ్గినప్పుడు దాహం పుట్టించే రెండో దారి ఒకటి ఉంది గానీ అది మందకొడి, నష్టం బాగా ముదిరితే తప్ప మేల్కోదు.

మన పాఠాల్లో "చెమట పడితే దాహం వేస్తుంది" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తాం. ఆ వాక్యం మనిషికే చెల్లుతుందని చెప్పే పాఠం నాకు కనబడలేదు.

ఎండలో గుర్రానికి గంటకు 10 నుంచి 15 లీటర్ల చెమట పోవచ్చు. పోటీ మొత్తంలో 40 లీటర్లు పోయిందనుకుందాం. సోడియం ఒక్కటే 140 గ్రాములు, అంటే మామూలు ఉప్పుగా చూస్తే 350 గ్రాములు దాటింది. మధ్యలో తినే గడ్డితో ఇది పూడదు. కాబట్టి ఉప్పు పెట్టాలన్న రౌతుల పట్టుదల వట్టి ఆనవాయితీ కాదు. దాని వెనక కారణాన్ని చూపించింది మాత్రం ప్రయోగశాలే. నీళ్లు పోగొట్టుకున్న గుర్రాలకు మొదటి కొద్ది నిమిషాలు 0.9 శాతం ఉప్పునీళ్లు, ఆ తర్వాత మంచినీళ్లు పెట్టి చూశారు. మొదటినుంచీ మంచినీళ్లే తాగినవాటి కన్నా ఇవి మొత్తం మీద ఎక్కువ తాగాయి. ఒట్టి నీళ్లు ముందే తాగేస్తే రక్తం పలచబడి, ఉన్న కాస్త దాహమూ చచ్చిపోతుంది.

ఇక్కడే ఒక మూఢనమ్మకం సంగతి కూడా చెప్పాలి. ఒళ్లు వేడెక్కిన గుర్రానికి నీళ్లు పెడితే కడుపునొప్పి వస్తుందని, చల్లటి నీళ్లు పోస్తే కండరాలు బిగుసుకుంటాయని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ కోసం జరిగిన పరిశోధనలతో చల్లటి నీళ్ల భయం తేలిపోయింది. అయినా నమ్మేవాళ్లు నమ్ముతూనే ఉన్నారు.

మరి పుండ్లు? గంటగంటకూ గాఢమైన ఎలక్ట్రోలైట్ ద్రావణం ఇస్తే గుర్రాల జఠరంలో పుండ్లు పెరిగాయని 2005లో ఒక ప్రయోగం తేల్చింది. గుర్రం జఠరంలో మేత ఉన్నా లేకపోయినా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది, పై సగానికి జిగురు పొర రక్షణ ఉండదు. గాఢమైన ఉప్పు అక్కడే మండుతుంది. అనుభవం ఉన్న రౌతులు పేస్టుకు ముందు గడ్డి మేపుతారు, నీళ్లు తాగిన గుర్రానికే పేస్టు పెడతారు, ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా పెడతారు. ఆ ప్రయోగం ఈ పద్ధతిని పరీక్షించలేదు. కాబట్టి దాన్ని చూపించి పేస్టే వద్దనడం తొందరపాటు, "నా గుర్రానికి ఏమీ కాలేదు" అనడం అంతకన్నా తొందరపాటు. ఎండోస్కోపు వేసి చూడనిదే పుండు ఉందో లేదో ఎవరికి తెలుస్తుంది?

గడ్డి విషయంలో మాత్రం రౌతులు మొదటినుంచీ సరైన దారిలోనే ఉన్నారు. గుర్రం పెద్దపేగులో పులుస్తున్న పీచు నానిన గోనెసంచిలా నీళ్లనూ లవణాలనూ పట్టి ఉంచి, పరుగులో మెల్లగా రక్తానికి వదులుతుంది. దాణా ఆ పని చేయదు. పిండిపదార్థాలు దండిగా తినమనే మనుషుల మారథాన్ చిట్కాలు ఇక్కడ పనికిరావు. గుర్రం కండరాల్లో ఖర్చయిన గ్లైకోజెన్ (శక్తి కోసం దాచుకున్న పిండిపదార్థం) తిరిగి నిండడానికే రెండు మూడు రోజులు పడుతుంది.

మనుషుల చిట్కాల్లో అన్నిటికన్నా ప్రమాదం బైకార్బొనేట్, అంటే వంటసోడాలో ఉండే క్షారం. ప్లాస్మాలో క్లోరైడ్ లీటరుకు 3.5 గ్రాములే, చెమటలో పోయేది 6. క్లోరైడ్ తరిగితే మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను పట్టుకుని ఉండిపోతాయి, రక్తం క్షారమవుతుంది. క్షారంలో కాల్షియం ప్రోటీన్లకు అతుక్కుపోవడంతో, చెమటలో పోగా మిగిలిన స్వేచ్ఛా కాల్షియం ఇంకా పడిపోతుంది. నరాలు చిరాకెత్తిపోతాయి. ఊపిరి ఆడించే కండరమైన ఉదరవితానానికి వెళ్లే ఫ్రెనిక్ నరం గుండెను ఆనుకునే పోతుంది కదా, గుండె కొట్టుకున్న ప్రతిసారీ అదీ ఉలిక్కిపడుతుంది. దారిలో గుర్రాలను పశువైద్యులు పరీక్షించే వెట్‌గేట్ దగ్గర, నాడి నిమిషానికి 64కు దిగిందా లేదా అని డాక్టరు చూస్తుండగా, గుర్రం డొక్క ఊపిరితో సంబంధం లేకుండా గుండెతో తాళం వేసినట్టు ఎగురుతుంటుంది. ఆ గుర్రానికి పోటీ అక్కడితో ముగిసినట్టే. ఇలాంటి స్థితిలో బైకార్బొనేట్ పోయడమంటే నిప్పులో నెయ్యి పోయడమే. కాల్షియం దండిగా ఉన్న లూసర్న్ గడ్డి మేపాలా వద్దా అని ఇన్ని వాదనలు నడవడానికీ మూలం ఇదే.

ప్రయోగశాల బలహీనతలు నాకూ తెలుసు. చాలా ప్రయోగాల్లో గుర్రాలు ఆరో ఎనిమిదో, పరుగు ట్రెడ్‌మిల్ మీద, అదీ కొన్ని గంటలే. రౌతు చేతిలో ఉన్నది ఒకే గుర్రం, దానికి పోలిక చూసుకోవడానికి ఇంకోటి ఉండదు. అందుకే నాకు నచ్చిన అధ్యయనాలు పోటీ మైదానంలోనే జరిగినవి. కాలిఫోర్నియాలో 1955 నుంచి నడుస్తున్న టెవిస్ కప్ అనే ఎండ్యూరెన్స్ పోటీలో గుర్రాల ఒంటి కొవ్వును 1 (బక్కచిక్కినది) నుంచి 9 (బాగా బలిసినది) దాకా ఉండే హెనెకె కొలతతో అంచనా కట్టారు. పోటీ పూర్తి చేసినవాటి సగటు 4.5. జీవక్రియ దెబ్బతిని మధ్యలో ఆగిపోయినవాటిది 3 లోపే. పక్కటెముకలు తేలిన సన్నటి గుర్రమే దూరం పోతుందని బల్లగుద్ది చెప్పిన అనుభవజ్ఞులు అక్కడ ఓడిపోయారు.