ప్రెస్ సెక్రటరీ ఏం చేస్తాడంటే

చిరంజీవులకు ఆశీస్సులు.

ప్రభుత్వం తరఫున విలేకరులకు జవాబు చెప్పే ప్రెస్ సెక్రటరీ అంటే మైకు ముందు గడగడా మాట్లాడేవాడని మీరనుకుంటున్నట్టున్నారు. మైకు ముందు గడిపే ఆ అరగంట అతని పనిలో చివరి మెట్టు. పొద్దున్నే పత్రికలు తిరగేసి, విలేకరులు ఇవాళ ఏమడుగుతారో ఓ ఇరవై ప్రశ్నలు రాసుకోవాలి. ఒక్కోదానికి సంబంధిత శాఖ నుంచి రెండు మూడు వాక్యాల జవాబు తెప్పించుకోవాలి. ఆ జవాబు ఎవరిచ్చారు, ఎన్ని గంటలకిచ్చారు అన్నది పక్కనే రాసి పెట్టుకోవాలి. రేపు తేడా వస్తే పనికొచ్చేది అదే.

ప్రెస్ నోట్ పేజీ దాటకూడదు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎంత అన్నవి మొదటి పేరాలోనే రావాలి, ఎందుకంటే జాగా చాలకపోతే పత్రిక డెస్కులో కింది నుంచి కోసేస్తారు. "గౌరవనీయులైన మంత్రివర్యులు" అని ఎత్తుకుని నాలుగో పేరాలో అసలు సంగతి చెబితే, మర్నాడు పత్రికలో మంత్రిగారే మిగులుతారు. అంకెలు మాత్రం ఇంకొకరి చేత ఫైలు చూసి చదివించుకోవాలి. జారిపోయిన సున్నా రాసినవాడి కంట పడదు.

వీటన్నిటికన్నా ప్రమాదం, లోపల జరిగేది తెలియకుండా బయట మాట్లాడడం. 1983 అక్టోబర్ 24న, కరీబియన్ ద్వీపదేశం గ్రెనడా మీదికి సైన్యాన్ని పంపుతున్నారా అని ఒక విలేకరి అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రతినిధి లారీ స్పీక్స్‌ను అడిగాడు. ఆయన అధ్యక్షుడికి సలహాలిచ్చే అమెరికా జాతీయ భద్రతా మండలి వాళ్లను కనుక్కుని, అర్థంలేని మాట అని కొట్టిపారేశాడు. మర్నాడు తెల్లారేసరికి సైన్యం అక్కడ దిగింది. అబద్ధం ఆయన పుట్టించింది కాదు, పరువు పోయింది మాత్రం ఆయనదే. 1985లో రీగన్, సోవియట్ నేత గోర్బచెవ్ కలిసిన జెనీవా సమావేశంలోనైతే స్పీక్స్‌కు ఆ సాకు కూడా లేదు. అధ్యక్షుడు అనని మాటలు తానే అల్లి విలేకరులకిచ్చాడు. 1988లో ఆ సంగతి తనే బయటపెట్టి, అప్పుడు చేస్తున్న ఉద్యోగం వదులుకున్నాడు.

జవాబు లేని ప్రశ్న వస్తే "తెలియదు, నాలుగింటికి చెబుతాను" అనాలి. తెలిసీ చెప్పకూడనిదైతే "ఇప్పుడు చెప్పలేను" అనాలి. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే పట్టేస్తారు. నాలుగింటికి జవాబు దొరక్కపోయినా, దొరకలేదని చెప్పడానికైనా ఫోన్ చేయాలి.

అమెరికాలో ఈ పదవి అధ్యక్షుడి సొంత ఎంపిక. బ్రిటన్‌లో ప్రధాని థాచర్ దగ్గర 1979 నుంచి 1990 దాకా ఈ పని చూసిన బెర్నార్డ్ ఇంగమ్ ప్రభుత్వోద్యోగి. అలాంటి ఉద్యోగి ప్రభుత్వ నిర్ణయాన్ని వివరించాలే గానీ పార్టీకి ప్రచారం చేయకూడదు. ఇంగమ్ ఆ గీత దాటాడని విమర్శలు బాగానే వచ్చాయి.

నోరు విప్పి సమర్థించలేని నిర్ణయమే వస్తే? వాటర్‌గేట్ కుంభకోణంలో పదవి వదిలిన అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌కు, ఆయన తర్వాత అధ్యక్షుడైన ఫోర్డ్ క్షమాభిక్ష పెట్టినప్పుడు, ఫోర్డ్ ప్రెస్ సెక్రటరీ జెరాల్డ్ టర్‌హోర్స్ట్ రాజీనామా ఇచ్చేశాడు. అది 1974 సెప్టెంబర్. ఆయన ఆ కుర్చీలో కూర్చుని అప్పటికి నెల రోజులు.