కవరు మానేశాక ఏం వాడాలి?

ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దుకాణాల్లో సామాను వేసి ఇచ్చే ఐదు రకాల కవర్లు తీసుకున్నారు. ఒకటి మామూలు పాలిథీన్. రెండు ఆక్సో రకం, అంటే కొంతకాలానికి వాటంతటవే పొడైపోతాయని చెప్పేవి. ఒకదాని మీద బయోడిగ్రేడబుల్ (సూక్ష్మజీవులు తినేసేది) అనీ, ఇంకోదాని మీద కంపోస్టబుల్ (కంపోస్టు ఎరువులో కలిసిపోయేది) అనీ ముద్ర ఉంది. కొన్నిటిని మట్టిలో పాతారు, కొన్నిటిని సముద్రంలో ముంచి ఉంచారు, కొన్నిటిని ఆరుబయట వదిలేశారు. 2019లో ఫలితాలు ప్రకటించారు. మూడేళ్లు మట్టిలోనూ సముద్రంలోనూ ఉన్న బయోడిగ్రేడబుల్ కవరు బయటికి తీసి సామాను నింపితే, మామూలు పాలిథీన్ కవరులాగే నిక్షేపంగా మోసింది. కంపోస్టబుల్ కవరు సముద్రంలో మూడు నెలలకే ఆనవాలు లేకుండా పోయింది. అదే కవరు మట్టిలో 27 నెలల తర్వాత కూడా ఉంది, కాకపోతే బరువు వేస్తే చిరిగింది. ఆరుబయట పెట్టినవి మాత్రం పాలిథీన్‌తో సహా అన్నీ తొమ్మిది నెలల్లో ముక్కలయ్యాయి.

ఆరుబయట ఫలితం చూసి సంతోషించనక్కర్లేదు. ముక్కలు కావడం వేరు, మట్టిలో కలిసిపోవడం వేరు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలిథీన్ అణువుల గొలుసులను తెంపుతాయి, కవరు పెళుసెక్కి రాలిపోతుంది. రాలిన ప్రతి ముక్కా ప్లాస్టిక్కే. ఆక్సో రకాల్లో ఈ పని త్వరగా జరగడానికి లోహ లవణాలు కలుపుతారు. సూక్ష్మప్లాస్టిక్ తొందరగా తయారవడానికి ప్రత్యేకంగా మందు వేసినట్టే కదా! ఐరోపా సమాఖ్య 2021 జూలై నుంచి వీటి అమ్మకాన్ని నిషేధించింది.

ఏదైనా మట్టిలో కలవాలంటే సూక్ష్మజీవులు దాన్ని తినాలి. అవి తినాలంటే వాటి ఎంజైములకు అణువులో ఎక్కడో ఒకచోట పట్టు దొరకాలి. పాలిథీన్ అణువులో ఆ పట్టు లేదు, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కార్బన్-కార్బన్ బంధాలే. మొక్కల పిండిపదార్థం నుంచి చేసే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ సంగతి వేరు. దాని గొలుసులో మధ్యమధ్య ఎస్టర్ బంధాలుంటాయి, వాటిని నీటి అణువులు తెంపగలవు. గొలుసులు తెగి చిన్నవయ్యాక మిగతా పని బ్యాక్టీరియా, శిలీంధ్రాలు చూసుకుంటాయి. చిక్కల్లా ఉష్ణోగ్రతతోనే. సుమారు 60 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన పీఎల్‌ఏ గొలుసులు కదలకుండా బిగిసి ఉంటాయి, నీరు లోపలికి చొరబడడం చాలా నెమ్మది. అందుకే కంపోస్టబుల్ అన్న ముద్ర ఇవ్వడానికి ఐరోపాలో వాడే ఈఎన్ 13432 ప్రమాణం పారిశ్రామిక కంపోస్టు కేంద్రాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. అక్కడ సుమారు 58 డిగ్రీల వేడి ఉంటుంది, తేమ ఉంటుంది, గాలి ఆడుతుంది. ఆ పరిస్థితుల్లో ఆరు నెలల్లో 90 శాతం జీవవిచ్ఛిన్నం కావాలి. పెరట్లోని కంపోస్టు కుప్పలో ఆ వేడి నిలవడం అరుదు. చల్లని సముద్రపు నీటిలో ఆ వేడి ఊసే లేదు. ప్లిమత్ పరీక్షలోని కంపోస్టబుల్ కవరు సముద్రంలో కనపడకుండా పోయినంత మాత్రాన పూర్తిగా జీవవిచ్ఛిన్నమైందని కాదు. చెత్త పూడ్చే గుంటలోనూ పీఎల్‌ఏ దాదాపు అలాగే పడి ఉంటుంది.

ఇంట్లోనే కంపోస్టు చేసుకోవచ్చని ధ్రువీకరణ పొందినవైనా మాట నిలబెట్టుకుంటాయా అంటే, లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు మామూలు ప్రజల చేతనే వాళ్ల కంపోస్టు తొట్లలో పరీక్ష చేయించారు. అలాంటి ముద్ర ఉన్న ప్లాస్టిక్కుల్లో 60 శాతం పూర్తిగా కరిగిపోలేదని 2022లో తేల్చారు. కంపోస్టబుల్ గిన్నె కొనే వ్యాపారి అడగాల్సిన మొదటి ప్రశ్న గిన్నె గురించి కాదు, వాడాక దాన్ని తీసుకునే కంపోస్టు కేంద్రం అందుబాటులో ఉందా అని. లేకపోతే ఆ గిన్నె వల్ల వాడేవాళ్ల మనసుకు ఊరట తప్ప మట్టికి ఒరిగేది తక్కువ. పైగా అది పొరపాటున పెట్ అనే ప్లాస్టిక్‌తో చేసే నీళ్ల సీసాలతో కలిసి రీసైక్లింగుకు వెళ్తే అక్కడి సరుకు నాణ్యతనూ పాడుచేస్తుంది. ఎటూ తిండి వ్యర్థాలతోపాటే పోయే వస్తువులు, అంటే టీ పొట్లాలు, పండ్ల మీది స్టిక్కర్లు, వంటింటి తడిచెత్త వేసే సంచులు, కంపోస్టబుల్‌గా ఉంటే మాత్రం నిజంగా మేలే. వాటిని తిండి నుంచి విడదీయడం ఎవరివల్లా కాదు మరి.

కవరు వద్దనుకున్నవాళ్లు సాధారణంగా వెళ్లేది కాగితం వైపో గుడ్డ వైపో. ఇక్కడ లెక్క మనం అనుకున్నట్టు ఉండదు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ఒక అధ్యయనం ప్రచురించింది. ముడిసరుకు మొదలుకొని చెత్తలో పడేదాకా ఒక్కో సంచి వల్ల ఎంత కర్బన ఉద్గారం జరుగుతుందో అందులో లెక్కవేశారు. ఒక్కసారి వాడి పారేసే పలచని పాలిథీన్ కవరుతో సమానం కావాలంటే కాగితం సంచిని 3 సార్లు, నూలు సంచిని 131 సార్లు వాడాలని తేలింది. ఆ కవరును తర్వాత చెత్తబుట్టలో వేసుకునేందుకు కూడా వాడారనుకుంటే నూలు సంచి 327 సార్లు వాడాలి. ఇందులో మాయేమీ లేదు. కవరు బరువు 8 గ్రాములు, నూలు సంచి 180 గ్రాముల పైచిలుకు. పత్తి పండించాలి, నీరు కట్టాలి, ఎరువు వేయాలి, వడకాలి, నేయాలి.

డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో ఇంకా ముందుకెళ్లి, వాతావరణంతోపాటు నీరు, ఓజోన్ వంటి అన్ని కోణాల్లోనూ చూస్తే నూలు సంచి 7,100 సార్లు వాడితేగాని గట్టెక్కదని చెప్పింది. ఈ అంకె ప్రపంచమంతా తిరిగింది. గుడ్డ సంచులను ఎగతాళి చేయడానికి బాగా పనికొచ్చింది. కానీ అదే నివేదికలో వాతావరణం ఒక్కటే తీసుకుంటే ఆ సంఖ్య 52. ఏడు వేలకు చేరింది ఓజోన్ పొర మీద ప్రభావమనే ఒక్క కొలత వల్ల. మరో సంగతి, ఈ రెండు అధ్యయనాల్లోనూ గాలికెగిరి కాలవల్లో, సముద్రంలో, పశువుల కడుపుల్లో చేరే కవరు లెక్కలోకి రాదు. ఆ నష్టాన్ని గ్రాముల కర్బనంలోకి మార్చే ఒప్పుకున్న పద్ధతి ఇంకా లేదు. కాబట్టి నేను ఈ అంకెల నుంచి తీసుకునేది ఇంతే: ఇప్పటికే ఇంట్లో ఉన్న సంచి, అది ఏ సరుకుతో చేసినదైనా, కొత్తగా కొనే పర్యావరణహిత సంచి కన్నా మంచిది. సభల్లో, ప్రారంభోత్సవాల్లో ఉచితంగా పంచే నూలు సంచులు బీరువాలో పేరుకుపోతుంటే అవి పాలిథీన్ కన్నా భారమే.

ఇక తినే వస్తువుల ప్యాకింగ్. ఆహారం వల్ల వెలువడే హరితగృహ వాయువుల్లో ప్యాకింగ్ వాటా ప్రపంచవ్యాప్తంగా సుమారు 5 శాతమే. పండించడంలో వెలువడేవి దానికి ఎన్నోరెట్లు. మరోవైపు, ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన తిండి 105 కోట్ల టన్నులు. అంటే చిన్న పొర ఒకటి తిండిని చెడిపోకుండా కాపాడితే ఆ పొర దండగ కాదు. స్విట్జర్లాండులో ఎంపా అనే పరిశోధన సంస్థ, దూరం నుంచి దిగుమతయ్యే కీరదోసకాయకు చుట్టే పలచని ప్లాస్టిక్ పొరను పరీక్షించింది. ఒక్క కాయ పారేస్తే కలిగే నష్టం 93 పొరల వల్ల కలిగే నష్టానికి సమానమని 2022లో చెప్పింది. అయితే అదే ఏడాది బ్రిటన్‌లో వ్యర్థాల తగ్గింపు మీద పనిచేసే ర్యాప్ అనే సంస్థ ఆపిల్, అరటి, బంగాళాదుంప, బ్రోకలీ, కీరదోసల మీద జరిపిన పరిశీలనలో కథ తిరగబడింది. ఇళ్లలో వాటి నిల్వకాలం ప్యాకింగ్ వల్ల చెప్పుకోదగ్గంత పెరగలేదు. పైగా విడిగా అమ్మితే జనం కావలసినన్నే కొనుక్కుంటారు, అందువల్ల పారబోత తగ్గుతుంది.

ఈ రెండూ ఒకదాన్నొకటి ఖండించుకోవు. రోజుల తరబడి లారీలో ప్రయాణించే కాయ నీరు కోల్పోకుండా పొర కాపాడుతుంది. ఇంటికొచ్చాక ఆ పని ఫ్రిజ్ చేస్తుంది. అవసరానికి మించి ఆరు కాయలు అంటగట్టే ప్యాకెట్టు మాత్రం పారబోతను తయారుచేస్తుంది.

పొరలు పొరలుగా ఉండే ప్యాకెట్లలో అసలు ముడి ఉంది. కరకరలాడే చిరుతిండి ప్యాకెట్టు లోపలి వెండి మెరుపు అల్యూమినియం, మందం కొన్ని పదుల నానోమీటర్లు. ఆక్సిజన్‌నూ తేమనూ ఆపడంలో అంత తక్కువ సరుకుతో అంత పని చేసేవి అరుదు. దాని పైన ఒక ప్లాస్టిక్, కింద ఇంకో ప్లాస్టిక్, మధ్య జిగురు. పనితనం అద్భుతం, కానీ విడదీయడం దాదాపు అసాధ్యం. అన్నీ కలిపి కరిగిద్దామంటే పాలిథీన్ 110 నుంచి 130 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, పెట్ కరగడానికి 250 డిగ్రీలు కావాలి. కరిగినా రెండూ నూనె, నీళ్లలా విడివిడిగానే ఉంటాయి, చల్లారాక వచ్చేది పెళుసు ముద్ద. 1950 నుంచి 2015 వరకు పారేసిన ప్లాస్టిక్‌లో రీసైకిల్ అయినది 9 శాతమే అని 2017లో గేయర్, జాంబెక్, లా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. అందుకు కారణాల్లో ఈ కలగాపులగం ఒకటి.

ఇక్కడ ఇంటివాళ్ల చేతిలో ఉన్నది తక్కువ, ప్యాకింగ్ ఎంచుకునే వ్యాపారి చేతిలో ఉన్నది చాలా ఎక్కువ. సీసా, మూత, లేబులు ఒకే జాతి ప్లాస్టిక్‌తోనో, రీసైక్లింగులో తేలిగ్గా విడిపోయే జాతులతోనో ఉండేట్టు చూసుకోవచ్చు. డబ్బా నల్లగా కాకుండా మరో రంగులో ఉండాలని అడగవచ్చు. చెత్త వేరుచేసే యంత్రాలు పరారుణ కాంతి పంపి, అది తిరిగొచ్చే తీరును బట్టి ఇది ఏ ప్లాస్టికో గుర్తుపడతాయి. నల్లరంగుకు వాడే కార్బన్ మసి ఆ కాంతిని మింగేస్తుంది, డబ్బా యంత్రానికి కనపడదు. పార్సిల్ పంపేవాళ్లకైతే వస్తువుకు సరిపోయే అట్టపెట్టె చాలు. ఐరోపా కొత్త ప్యాకేజింగ్ నిబంధన 2030 నుంచి రవాణా, ఆన్‌లైన్ పెట్టెల్లో ఖాళీ చోటు 50 శాతానికి మించకూడదంటోంది. సగం గాలి దాకా పంపవచ్చన్నమాట, అదీ ఉదారమే!

కాగితం గురించి ఒక హెచ్చరిక. కాగితానికి నీరూ నూనే పడవు. వేడి పానీయం పోసే కాగితపు కప్పు కారకుండా ఉందంటే లోపల ఏదో పూత ఉన్నట్టే, సాధారణంగా అది పాలిథీన్. పీచుతో అచ్చుపోసిన గిన్నెల్లో నూనె ఇంకకుండా చాలాకాలం పీఎఫ్ఏఎస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు వాడారు. కార్బన్-ఫ్లోరిన్ బంధం ఎంత గట్టిదంటే ప్రకృతిలో అవి వీడిపోవడమే కష్టం. ఆహారం తగిలే కాగితంలో నూనె ఇంకకుండా వాడే ఈ రసాయనాల అమ్మకం తమ దేశంలో ఆగిపోయిందని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. గోధుమరంగులో మొరటుగా కనపడే ప్రతిదీ అమాయకమైనది కాదు. సరఫరాదారుణ్ని పీఎఫ్ఏఎస్ లేదని రాతపూర్వకంగా అడగడం మేలు.

తిరిగి నింపుకునే సీసాలు, తిరిగిచ్చే డబ్బాల పద్ధతి అన్నిటికన్నా ఆకర్షణీయమైనది. జర్మనీలో తిరిగి నింపే గాజు సీసాలు 50 సార్ల దాకా తిరుగుతాయి. గాజు కరగడానికి సుమారు 1,500 డిగ్రీలు కావాలి కాబట్టి ఒకసారి వాడి పగలగొట్టే గాజు మహా ఖరీదైన వ్యవహారం. ఎక్కువసార్లు తిరిగితేనూ, దూరాలు తక్కువైతేనూ అదే గాజు గెలుస్తుంది. ఎన్నిసార్లు తిరుగుతుందన్నది వెనక్కి వచ్చే శాతం మీద ఆధారపడుతుంది, ఆ లెక్క కాస్త కఠినం. ప్రతిసారీ సగం డబ్బాలే వెనక్కి వస్తే ఒక్కో డబ్బా సగటున రెండుసార్లు వాడినట్టు. 80 శాతం వస్తే ఐదుసార్లు. 90 శాతానికి పది, 95 శాతానికి ఇరవై. పలచని డబ్బాకు పదిరెట్లు సరుకుతో చేసిన గట్టి డబ్బా 80 శాతం దగ్గర ఆగిపోతే, సరుకు లెక్కలో అది పారేసే డబ్బా కన్నా అధ్వాన్నం. ఆపైన కడిగే నీరు, వేడి, వెనక్కి తెచ్చే బండి అదనం. ఈ పద్ధతి మొదలుపెట్టే హోటలో దుకాణమో డబ్బా నమూనా మీద కన్నా ముందు డిపాజిట్ ఎంత పెట్టాలి, ఖాళీ డబ్బా ఎక్కడెక్కడ తీసుకోవాలి అన్నదాని మీద బుర్ర పెట్టాలి.